పాత్రకి పేరు, ఇంటిపేరు: ముందు "ఎవరు పెట్టారు" అని అడగాలి

పొద్దున్న మన భాష గ్రూపులో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న, కింద వచ్చిన జవాబులు అన్నీ చదివా. తను నవల రాస్తున్నాడు, అందులో కుర్రాడు మన విశాఖ జాలరిపేటలో 1975 ప్రాంతంలో పుట్టాడు, వాడికి విహాన్ అని పేరు పెట్టుకున్నా బావుంటుందా, ఇంటిపేరు ఏదైనా పర్లేదా అనడిగాడు. ఎక్కువమంది "కథ బావుంటే చాలు, పేరుదేముంది" అనేశారు. నేను ఒప్పుకోలేకపోతున్నా. ఇరవై ఏళ్ళుగా కథలు రాస్తున్నా, ఒక్క పేరు దగ్గర వారం రోజులు ఆగిపోయిన సందర్భాలున్నాయి, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

తమ్ముడూ, ఆ కుర్రాడికి పేరు నువ్వు పెట్టకు. వాడు పుట్టినప్పుడు ఆ ఇంట్లో మాట చెల్లే మనిషి ఎవరో కనుక్కో, ఆ మనిషి చేత పెట్టించు. నానమ్మ మొక్కుకుందా, మేనమామ సినిమా చూసొచ్చి పెట్టాడా, తాత పోయిన ఏడాదే పుట్టాడని తాత పేరు పెట్టారా, లేకపోతే ఇంట్లో అందరూ చినబాబు అని పిలుచుకుంటుంటే బళ్ళో చేర్చిన రోజు మాస్టారు రిజిస్టర్లో తనకి తోచిన పేరు రాసేశారా. మన నాన్నల తరంలో ఎంతమందికి పేరూ పుట్టినరోజూ రెండూ మాస్టారు ఇచ్చినవే కదా. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే పేరు సగం దొరికినట్టే, పైగా ఆ ఇల్లు ఎలాంటిదో నీకే తెలిసిపోతుంది. విహాన్ అనేది ఇప్పుడు ఎల్‌కేజీలో ఉన్న పిల్లల పేరు. 1975లో జాలరిపేటలో ఆ పేరు పెట్టే నానమ్మ లేదు, మేనమామా లేడు.

మన ఉత్తరాంధ్ర వైపు పేర్లు చాలావరకు దేవుళ్ళ దగ్గర్నుంచే వచ్చాయి. సింహాద్రి అప్పన్న వల్ల అప్పలరాజు, అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలకొండ, అప్పలనర్సమ్మ, ఇంక సింహాచలం అయితే మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా పెడతారు, కొండ పేరు ఊరి పేరు మనిషి పేరు మూడూ ఒకటే. అనకాపల్లి నూకాంబిక వల్ల నూకరాజు, నూకరత్నం, నూకాలు. విజయనగరం పైడితల్లి వల్ల పైడిరాజు, పైడయ్య, పైడమ్మ. శ్రీకాకుళం వెళ్ళేసరికి అరసవల్లి స్వామి పేరున సూర్యనారాయణలు, సూరమ్మలు, శ్రీకూర్మం వల్ల కూర్మారావు, కూర్మినాయుడు. కూర్మారావు అన్న పేరు అనంతపురంలో వినపడినా "మీది శ్రీకాకుళం వైపా" అని అడిగేస్తాం. అలాగే గుంటూరు, నెల్లూరు వైపు దర్గాకి మొక్కుకుని హిందువుల ఇళ్ళల్లో కూడా మస్తాన్‌రావు, మస్తానయ్య అని పెట్టుకుంటారు. పేరు వినగానే మనిషి వెనకాల ఒక గుడో దర్గానో జాతరో కనపడితే రచయితకి ఒక పేజీ వర్ణన తప్పుతుంది.

అన్నిటికంటే నన్ను కదిలించే పేరు తవిటయ్య. తవిటినాయుడు, తవిటమ్మ, ఉత్తినే తవుడు అని కూడా ఉంటాయి, శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళల్లో పెద్ద వయసు వాళ్ళల్లో ఈ పేర్లు ఇంకా ఉన్నాయి. ముందు పుట్టిన బిడ్డలు వరసగా పోతే, తర్వాత పుట్టిన బిడ్డని ఎవరికో ఇచ్చేసినట్టు చేసి కాస్త తవుడు పోసి తిరిగి కొనుక్కునేవాళ్ళు. ఇది మా కడుపున పుట్టింది కాదు, తవుడుకి కొన్నాం, దీనికి విలువ లేదు, దీన్ని తీసుకుపోకు అని మృత్యువుకి చెప్పుకోవడం అది. పెంటయ్య, పెంటమ్మ, కుప్పయ్య కూడా ఆ బాధలోంచి వచ్చినవే, బిడ్డని పెంటకుప్ప మీద పెట్టి మళ్ళీ ఎత్తుకునేవాళ్ళు. కథలో ఒక ముసలాయనకి తవిటయ్య అని పెట్టి ఇంకేం చెప్పకపోయినా, ఆ పేరు సంగతి తెలిసిన వాళ్ళకి ఆయన తల్లి కడుపుకోత అర్థమైపోతుంది.

అందుకే సినిమాల్లో, సీరియల్స్‌లో పనివాడికీ వంటావిడకీ, జనాన్ని నవ్వించడానికి పెట్టిన పాత్రకీ వెతికి వెతికి సింహాచలం, అప్పలకొండ అని పెడుతుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ పేర్లలో నవ్వడానికి ఏం లేదు. మా పెద్దత్తయ్య పేరు అప్పలకొండ, చీకటితో లేచి పూర్ణామార్కెట్‌కి కూరగాయల బుట్టలు మోసి ముగ్గురు పిల్లల్ని చదివించింది, టీవీలో ఆ పేరు పిలిచి నవ్వులు వినపడినప్పుడల్లా ఆవిడ ఏం అనకుండా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. మీ కథలో ఒక్కసారైనా డాక్టరమ్మకి అప్పలకొండ అని పెట్టండి, కలెక్టర్‌కి సింహాచలం అని పెట్టండి. ఉన్నారు అలాంటి వాళ్ళు.

తర్వాత పిలుపు. తాత పేరు మనవడికి పెట్టిన ఇంట్లో కోడలు మామగారి పేరు నోటితో అనదు, అందుకని ఆ పిల్లాడు అమ్మకి బుజ్జి, నాని, చిన్నా ఏదో ఒకటి అవుతాడు, బడికి వెళ్ళేదాకా వాడి అసలు పేరు వాడికే కొత్త. అలాంటి ఇంట్లో తల్లి మొదటి పేజీలోనే కొడుకుని పూర్తి పేరు పెట్టి పిలిచిందంటే చదివేవాళ్ళకి ఏదో తేడాగా ఉంటుంది, అదే పదో అధ్యాయంలో, మామగారు అరుగు మీద కూర్చుని ఉండగా, ఆ పేరు మొత్తం పెట్టి కొడుకుని కేకేసిందనుకో, ఆ ఇంట్లో ఏదో తెగిపోయిందని వేరే చెప్పక్కర్లేదు. కాగితం మీద అప్పలరాజు, అమ్మకి అప్పడు, జట్టుగాళ్ళకి అప్పల్‌గాడు, ఆఫీసులో రాజుగారు, వీటిలో కథ చెప్పే గొంతు దేన్ని వాడాలో కూడా ముందే తేల్చుకోవాలి.

పేరు చివర రాజు, నాయుడు దగ్గర జాగ్రత్త. గోదావరి వైపు చదివేవాళ్ళకి రాజు అంటే ఒక కులం తోస్తుంది, మన నూకరాజు, పైడిరాజు అది కాదు. చిత్తూరు నాయుడు వేరు, శ్రీకాకుళం నాయుడు వేరు. ఊరు మారిస్తే అదే పేరు వేరే మనిషిని చూపిస్తుంది.

ఇంక ఇంటిపేరు. భాష గ్రూపు కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తా. కల్పించిన ఇంటిపేర్లు ఎక్కువ తేలిపోయేది వ్యాకరణం దగ్గరే. మన ఇంటిపేర్లు బోలెడన్ని ఊళ్ళ పేర్ల నుంచే వచ్చాయి గానీ ఊరి పేరు ఉన్నదున్నట్టు రాదు, "ఆ ఊరి" అన్న అర్థంలో మారి వస్తుంది. ఇల్లు అన్నది "ఇంటి" అయినట్టే పాడు పాటి అవుతుంది, ఊరు ఊరి అవుతుంది, వీడు వీటి అవుతుంది. పూసపాడు వాళ్ళు పూసపాటి వారు, వేమూరు వాళ్ళు వేమూరి వారు, కొండవీడు వాళ్ళు కొండవీటి వారు. ఇంటిపేరు తర్వాత వినపడని "వారు" ఒకటి ఎప్పుడూ ఉంటుంది, అందుకే ఆ రూపం. కాబట్టి నువ్వు ఒక ఊరు కల్పించి దాన్నుంచి ఇంటిపేరు తీస్తే మామిడిపాడు రామయ్య అనకు, మామిడిపాటి రామయ్య అను, చెవికి వెంటనే నిజం అనిపిస్తుంది. పల్లి, పూడి, కోట, వలస లాంటివి మారవు, వాటితో ఇబ్బంది లేదు. వలస అయితే అచ్చంగా మన ఉత్తరాంధ్ర వాసన.

ఇంకోటి, ఇంటిపేరు చెప్పేది పాత్ర ఉన్న ఊరు కాదు, ఎప్పుడో వదిలేసి వచ్చిన ఊరు. గురజాడ కృష్ణా జిల్లాలో ఊరు, ఆ ఇంటిపేరున్న అప్పారావు గారు మన ఎస్.రాయవరంలో పుట్టి విజయనగరంలో బతికారు. శ్రీశ్రీ విశాఖలో పుట్టింది పూడిపెద్ది వారింట్లో, దత్తత వెళ్ళి శ్రీరంగం అయ్యారు. ఒక్క దత్తత మాటతో మనిషికి రెండు ఇంటిపేర్లు, ఇద్దరు తల్లులు, అందులోనే ఒక నవల ఉంది. సోంపేట, ఇచ్ఛాపురం వైపు పట్నాయక్, పాణిగ్రాహి లాంటివి ఒడియా పద్ధతిలో పేరు చివర వస్తాయి, ఇంట్లో మాట్లాడేది శుభ్రంగా తెలుగే అయినా సరే. పాడేరు, అరకు పైకి వెళ్తే కిల్లో, కొర్రా, పాంగి, వంతల, అవి ఊళ్ళ పేర్లు కావు, వంశాల పేర్లు, కిల్లో అంటే పులి, కొర్రా అంటే సూర్యుడు, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము. ఏజెన్సీ కథ రాస్తూ అక్కడి అమ్మాయికి కోస్తా ఇంటిపేరు తగిలిస్తే ఆ పులీ ఆ సూర్యుడూ పోతారు.

ఈమధ్య ఒక కథ చదివా, చాలా బాగా రాశాడు కుర్రాడు, కానీ మేనమామ కూతుర్ని చేసుకునే పెళ్ళిలో పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ ఒకే ఇంటిపేరు. ఒకే కులంలో ఒకే ఇంటిపేరు అంటే అన్నాచెల్లెళ్ళ వరస, సంబంధం అక్కడే ఆగిపోతుంది, పైగా మేనమామ ఇంటిపేరు అమ్మ పుట్టింటిది, కొడుకుది నాన్నది, అవి ఒకటయ్యే ప్రసక్తే లేదు. చదువుతున్న మా అమ్మ పుస్తకం మూసేసింది, మళ్ళీ తెరవలేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్తా, ఇది చెప్పకపోతే పైన రాసిందంతా ఉత్తదే అవుతుంది. పన్నెండేళ్ళ కింద పెందుర్తి పక్క పల్లెలో జరిగే కథలో తూకం మోసం చేసే దుకాణదారుడికి ఒక ఇంటిపేరు పెట్టా, ఎందుకు పెట్టానంటే పలకడానికి గరుగ్గా ఉందని, అంతే. కథ పత్రికలో వచ్చాక ఒకాయన వెతుక్కుంటూ మా ఇంటికొచ్చాడు, దర్జీ, చేతిలో ఆ పత్రిక. ఆ చుట్టుపక్కల ఆ ఇంటిపేరు వాళ్ళది ఒక్క కుటుంబమేనట, వాళ్ళ నాన్నకి నిజంగానే కిరాణా కొట్టు ఉండేదట. "మా నాన్న అలాంటోడు కాదు బాబూ" అన్నాడు, తిట్టలేదు, మంచినీళ్ళు ఇస్తే తాగి వెళ్ళిపోయాడు. వారం తర్వాత నేనే వెళ్ళి క్షమించమని అడిగా, పుస్తకంగా వేసినప్పుడు మార్చేశా, కానీ పత్రికలో అచ్చయింది అచ్చయిందే. చిన్న ఊళ్ళో ఇంటిపేరు అంటే ఒక గుమ్మం, ఆ గుమ్మంలో మనుషులుంటారు.

అప్పట్నుంచి నా పద్ధతి ఇది. ఓటర్ల జాబితాలో వయసు కూడా ఉంటుంది కాబట్టి ఏ ఏట పుట్టినవాళ్ళకి ఏ పేర్లు పెట్టారో అక్కడ చూస్తా, గుళ్ళో దాతల పేర్ల రాళ్ళు చదువుతా, పాత శుభలేఖలు దాచుకుంటా. పేరు ఒకచోట తీసుకుంటే ఇంటిపేరు ఇంకో మండలం నుంచి తీసుకుంటా, రెండూ కలిపి ఒకే మనిషివి ఎప్పుడూ తీసుకోను. చెడ్డ పాత్ర అయితే అసలు ఇంటిపేరే చెప్పను, లేదంటే లేని ఊరు కల్పించి దాన్నుంచి తీస్తా. రమణ, రమేష్, రామారావు ముగ్గురూ ఒకే కథలో ఉంటే ఒకరి పేరు మార్చేస్తా, అది మామూలే.

గుణాన్ని చెప్పే పేర్లు పెట్టొచ్చా అని ఒకరు కన్యాశుల్కం గుర్తుచేశారు. లుబ్ధావధాన్లు పిసినారి, అగ్నిహోత్రావధాన్లు నిప్పు, సౌజన్యారావు పంతులు మంచివాడు, నిజమే. కానీ ఆ అవధాన్లు, ఆ పంతులు ఊళ్ళో రోజూ వినపడే మాటలే, వాటి మధ్యలో గుణం కూర్చుంది కాబట్టి అతికింది. వాళ్ళ పక్కనే బుచ్చమ్మ ఉంది, అసిరిగాడు ఉన్నాడు, ఆ పేర్లు విజయనగరం వీధుల్లోంచి నడిచొచ్చినవే. అందరికీ గుణాల పేర్లే పెట్టి ఉంటే అది నీతికథ అయ్యేది.

రాత్రి చేరుస్తున్నా: ఒకావిడ అడిగారు, పెళ్ళయ్యాక కథానాయిక ఇంటిపేరు మార్చాలా అని. కాగితాల్లో చాలామందికి మారుతుందండీ, కానీ ఆవిడ పుట్టింటికి బస్సు దిగగానే ఆ ఊరికి మళ్ళీ పాత ఇంటిపేరు వారి పిల్లే. దృశ్యం ఎక్కడ జరుగుతుందో చూసి ఆ ఊరు ఎలా పిలుస్తుందో అలా రాయండి, రెండూ వాడొచ్చు.

తమ్ముడు ఇప్పుడే మెసేజ్ పెట్టాడు, "అన్నయ్యా, విహాన్ తీసేశా, నూకరాజు, పోలరాజు, ఎల్లాజీ ఈ మూడిట్లో ఏది" అని. మూడూ మన ఒడ్డు పేర్లే, మూడూ బావున్నాయి. కానీ ఒకటి చెప్పు నాకు, వాడికంటే ముందు ఆ ఇంట్లో ఎవరైనా పుట్టి పోయారా? వాడు కడుపులో ఉన్నప్పుడు వాళ్ళమ్మ ఏ అమ్మవారికి మొక్కుకుంది?