బ్యాటరీ మీద సి10, ఎంసీబీ మీదా సి10: రెండూ ఒకటేనా?

ప్రశ్న: ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి పెట్టిన ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్) మీద సి10 అని ఉంది. ట్యూబులర్ (సీసం-ఆమ్లం) బ్యాటరీ స్టిక్కర్ మీదా 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) సి10 అనే ఉంది. రెండూ 10 ఆంపియర్లేనా అండీ? లిథియం వాటికి 0.5సి అని రాస్తున్నారు, అదేంటి?

జవాబు: కాదండీ. బ్యాటరీ మీద సి తర్వాత వచ్చే అంకె గంటలు. 150 ఏహెచ్ సి10 అంటే 15 ఆంపియర్లు ఆగకుండా 10 గంటలు. అప్పటికి 12 వోల్టుల బ్యాటరీ 10.8కి దిగుతుంది. సి20 అని ఉంటే 7.5 ఆంపియర్లు, 20 గంటలు. గట్టిగా లాగేకొద్దీ ఆమ్లం ప్లేట్ల లోపలికి సమయానికి చేరదు, వోల్టేజీ ముందే పడిపోతుంది. అందుకే సి20 లెక్కన 150 ఉన్న బ్యాటరీ సి10 లెక్కన సుమారు 125కి తగ్గుతుంది. ఏహెచ్ ఒక్కటే చూసి ధరలు పోల్చకండి.

అంకె ముందుంటే రెట్లు. 100 ఏహెచ్ లిథియంకి 0.5సి అంటే 50 ఆంపియర్లు.

ఎంసీబీ మీద సి అనేది ట్రిప్ రకం, 10 మాత్రమే ఆంపియర్లు. షార్ట్ అయితే, మీద రాసిన ఆంపియర్లకు బి రకం 3–5 రెట్లకు, సి 5–10 రెట్లకు, డి 10–20 రెట్లకు వెంటనే పడుతుంది. ఓవర్‌లోడ్ సంగతి వేరు: సి10 మీద 14.5 ఆంపియర్లు నడిస్తే పడటానికి గంట దాకా పట్టొచ్చు.

ప్రశ్న: మరి 150 ఏహెచ్‌ని 12 వోల్టులతో గుణిస్తే 1800, అంటే 800 వాట్ల లోడుకు నా బ్యాటరీ రెండు గంటలు రావాలిగా?

జవాబు: రాదండీ. ఇన్వర్టర్ నష్టం కలిపితే బ్యాటరీ నుంచి దాదాపు 78 ఆంపియర్లు లాగుతుంది, అంటే 0.5సి పైమాటే. గంటా పావు వస్తే గొప్ప.

ఇంకొకరి జవాబు: అవుట్‌పుట్‌లో ఆ సి10 వల్ల పెద్ద ఉపయోగం లేదు. షార్ట్‌లో అది వెంటనే పడాలంటే 50–100 ఆంపియర్లు కావాలి, 1 కేవీఏ ఇన్వర్టర్ అంత ఇవ్వలేదు. బి6 పెట్టించండి, 18–30 చాలు. బ్యాటరీ వైపు మాత్రం ఏసీ ఎంసీబీ వద్దే వద్దు. డీసీలో ఆర్క్ తేలిగ్గా ఆరదు, లోపల కాలిపోతుంది. పాజిటివ్ టెర్మినల్ దగ్గరే డీసీ ఫ్యూజు వేయించండి.

అన్నట్టు, అదే స్టిక్కర్ మీద 27 పక్కన చిన్న సున్నాతో ఉన్న సి సెల్సియస్. ఆ ఏహెచ్ కొలిచింది ఆ వేడిలో.