88 వాట్లకు చేరగానే పీసీ రీస్టార్ట్: పోయింది బోర్డా, ప్రాసెసరా?

కడపలో మా స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎక్స్‌పోర్ట్ చేసే పీసీ లోడ్ పడిన రెండు మూడు నిమిషాలకే రీస్టార్ట్ అవుతోంది. ఆరు కోర్ల ప్రాసెసర్, టీడీపీ (కంపెనీ చెప్పే పవర్ రేటింగ్) 65 వాట్లు, ఓవర్‌క్లాక్ చేయలేదు. ఆగే ముందు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (సెన్సర్ రీడింగులు చూపే సాఫ్ట్‌వేర్) ప్యాకేజ్ పవర్, అంటే ప్రాసెసర్ మొత్తం వాడుతున్న పవర్, 88 వాట్లు, వేడి 74 డిగ్రీలు. పని లేకుండా ఆన్‌లో ఉంచితే రాత్రంతా బాగానే ఉంటుంది.

విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 (సరిగా షట్‌డౌన్ కాకుండానే పీసీ ఆగిందనే నమోదు) ఒక్కటే కనిపిస్తోంది, బగ్‌చెక్ కోడ్ 0, అంటే బ్లూస్క్రీన్ ఎర్రర్ నమోదు కాలేదు. హార్డ్‌వేర్ ఎర్రర్ ఏదీ నమోదు కాలేదు.

మొదట కరెంటునే అనుమానించాను, సాయంత్రాలు మా వీధిలో వోల్టేజ్ 195కి పడిపోతుంది. కానీ పొద్దున 230 ఉన్నప్పుడూ ఇదే తంతు. తెలిసినవాళ్ల 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై) పెట్టి చూశాను, తేడా లేదు. థర్మల్ పేస్ట్ మార్చాను, బయోస్ అప్‌డేట్ చేశాను, మెమ్‌టెస్ట్86లో ర్యామ్ పాసైంది.

బయోస్‌లో పవర్ లిమిట్ 65 వాట్లకు తగ్గిస్తే మాత్రం రీస్టార్ట్ కావడం లేదు. అలాగే నడుపుతున్నాను గానీ, పని మధ్యలో ఆగి కస్టమర్ల ఫుటేజ్ ఎక్కడ పాడవుతుందోనని టెన్షన్‌గా ఉంది. మార్చి చూడటానికి ఇక్కడి షాపుల్లో ఈ సాకెట్‌కు సరిపోయే విడి బోర్డు గానీ ప్రాసెసర్ గానీ దొరకలేదు.

ఈ లక్షణాలను బట్టి ముందు మదర్‌బోర్డు మార్చాలా (బోర్డు మీద ప్రాసెసర్‌కు పవర్ అందించే వీఆర్‌ఎం సర్క్యూట్ బలహీనపడిందని నా అనుమానం), లేక ప్రాసెసర్ మార్చాలా?