లీజు ఇంటి గోడ మీద బ్యాంకు నోటీసు: ఇద్దరు చిన్నపిల్లలతో రోడ్డున పడకుండా ఏం చేయాలి?

చిత్తూరు_టు_బెంగళూరు:

రామమూర్తినగర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు. 2024 నవంబరులో 12 లక్షలకు లీజుకు తీసుకున్నాం, అంటే నెల అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు ఓనరు ఆ మొత్తం తిరిగివ్వాలి. 10 లక్షలు ఆర్‌టీజీఎస్, 2 లక్షలు చేతికిచ్చాం. 11 నెలల అగ్రిమెంటు ఈ-స్టాంపు పేపరు మీద ఉంది, రిజిస్టర్ చేయలేదు. 2025 అక్టోబరులో అదే మొత్తం మీద మరో 11 నెలలకు రాసుకున్నాం. పోయిన శుక్రవారం బ్యాంకువాళ్ళు వచ్చి గేటు పక్క గోడకు నోటీసు అంటించి పోయారు. ఓనరు అప్పు కట్టలేదు కాబట్టి ఇల్లు స్వాధీనం చేసుకుంటున్నారని అందులో ఉంది. ఓనరు ఫోను ఎత్తడం లేదు. బిల్డింగులో మాతో కలిపి 4 కుటుంబాలు, అందరిదీ లీజే.

మాకు 4 ఏళ్ళ పాప, 5 నెలల బాబు. నెలకు 27 వేలు వస్తుంది. దాచుకున్నదంతా ఆ లీజులోనే ఉంది. అడగాలనుకున్నవి: ఈ ఇంట్లో ఎన్నాళ్ళు ఉండొచ్చు? మా డబ్బు వస్తుందా? కార్పొరేషన్ గానీ ప్రభుత్వం గానీ ఉండడానికి చోటు ఇస్తుందా? ఒకాయన సివిల్ కోర్టులో స్టే తెస్తానని 40 వేలు అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా?

సివిల్_కాగితాలు:

ఆ 40 వేలు ఎవరి చేతిలోనూ పెట్టకండి. బాకీ కట్టనివాళ్ళ తాకట్టు ఆస్తిని బ్యాంకులు స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం కింద ఇల్లు తీసుకుంటుంటే సివిల్ కోర్టు ఆపలేదు, ఆ చట్టంలోని 34వ సెక్షనే అడ్డం. కేసు వేస్తారు, నంబరు పడుతుంది, బ్యాంకు వకీలు వచ్చి ఆ సెక్షను చూపిస్తాడు, మీ డబ్బు అక్కడితో సరి. ఇలాంటప్పుడు అద్దెదారు వెళ్ళాల్సింది డి.ఆర్.టి.కి, అంటే డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కి. 17వ సెక్షను కింద, బ్యాంకు చర్య తీసుకున్న తేదీ నుంచి 45 రోజుల్లోపు. అద్దెదారు హక్కును కూడా ట్రిబ్యునల్ పరిశీలించాలని 2016 సవరణలో 17(4ఏ) చేర్చారు. ఆ హక్కు మీకు ఎంతవరకు ఉందన్నది తేదీల మీద తేలుతుంది.

నోటీసు చింపకండి. గోడ మీద ఉండగానే ఇంటి నంబరు కూడా పడేలా ఒక ఫోటో, అక్షరాలు చదవగలిగేలా దగ్గర నుంచి ఇంకొకటి తీసుకోండి. పైన "13(4)", "రూల్ 8(1)" అని ఉంటే అది కాగితం మీది స్వాధీనం మాత్రమే, తాళం ఇంకా మీ చేతిలోనే ఉంది. మీరు ఖాళీ చేయకపోతే బ్యాంకు 14వ సెక్షను కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళి ఆర్డరు తెచ్చుకుంటుంది. ఆ అర్జీని 30 రోజుల్లో, కారణం రాసి పొడిగిస్తే మొత్తం 60 రోజుల్లో తేల్చాలని చట్టం. ఆర్డరు వచ్చాక కోర్టు కమిషనరు, పోలీసులు కలిసి వస్తారు, అప్పుడు వాదించడానికి ఏమీ ఉండదు. నోటీసులో ఇప్పటికే "క్రిమినల్ మిసలేనియస్" అని కేసు నంబరు గానీ కమిషనరు పేరు గానీ ఉంటే మీకున్నది వారాలే అనుకోండి.

మూడు తేదీలు చెప్పండి: ఇల్లు తాకట్టు పెట్టిన తేదీ, ఓనరుకు బ్యాంకు 13(2) డిమాండు నోటీసు ఇచ్చిన తేదీ, మీ అగ్రిమెంటు తేదీ. రెండోది మీ గోడ మీది నోటీసు మొదటి పేరాలోనే ఉంటుంది. మొదటిదాని కోసం కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి వెబ్‌సైటులో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయండి. ఫారం 16 వస్తే లావాదేవీలేమీ లేవని, ఫారం 15 వస్తే ఉన్నాయని అర్థం. తాకట్టు రిజిస్టర్ కాకపోతే ఈసీలో కనబడదు, అప్పుడు తాకట్టులు నమోదయ్యే సెర్సాయ్ వెబ్‌సైటులో ఆస్తి వివరాలు పెట్టి వెతకాలి.

చిత్తూరు_టు_బెంగళూరు:

ఫారం 15 వచ్చిందండి. 2022 మార్చిలో దస్తావేజులు బ్యాంకులో పెట్టి 55 లక్షలు తీసుకున్నట్టు ఉంది. డిమాండు నోటీసు 2025 జూన్‌ది. నోటీసులో పైన 13(4) అనే ఉంది, కోర్టు నంబరు లేదు. బాకీ 61 లక్షలు అని రాశారు. ఇంకో సంగతి, మా రెండు అగ్రిమెంట్లలోనూ 6వ షరతు ఇది: ఈ ఆస్తి ఏ అప్పుకూ తాకట్టులో లేదు.

సివిల్_కాగితాలు:

ఉన్నమాట చెప్తాను. బ్యాంకు మీద మీ కేసు బలహీనం. తాకట్టు 2022లో అయింది, మీరు వచ్చింది 2024లో. తాకట్టు పెట్టిన ఇంటిని ఓనరు అద్దెకిస్తే అది బ్యాంకును కట్టిపడేయాలంటే ఆస్తి బదిలీ చట్టం 65ఏ షరతులు పాటించి ఉండాలి. న్యాయంగా వచ్చే అద్దెకే ఇవ్వాలి, ముందే మొత్తం పుచ్చుకోకూడదు, ఇంటికైతే 3 ఏళ్ళు దాటకూడదు. 12 లక్షలు ఒక్కసారి పుచ్చుకునే లీజు రెండో షరతు దగ్గరే ఆగిపోతుంది. రిజిస్టర్ కాని అద్దెకు ఏడాదికి మించి రక్షణ లేదని 2019లో బజరంగ్ శ్యామ్‌సుందర్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక 2025 అక్టోబరులో రాసుకున్నది డిమాండు నోటీసు తర్వాతిది. ఆ నోటీసు అందాక బ్యాంకు అనుమతి లేకుండా అద్దెకివ్వకూడదని 13(13) సెక్షను.

కానీ బ్యాంకు ముందు మిమ్మల్ని బలహీనపరిచే ఇదే తేదీ ఓనరు మీద మీకు ఆయుధం. నోటీసు అందుకున్న నాలుగు నెలలకు "తాకట్టులో లేదు" అని మళ్ళీ సంతకం పెట్టాడంటే మర్చిపోయానని చెప్పుకునే వీలు లేదు. కాబట్టి రెండు పనులు వేరు చేసుకోండి: బ్యాంకును అడగాల్సింది గడువు, ఓనరు నుంచి రాబట్టాల్సింది డబ్బు. మొదటి దానికి ఖర్చు పెట్టి రెండో దానికి చేయి ఖాళీ చేసుకోకండి.

గడువు కోసం బ్రాంచి కౌంటరుకు కాదు, నోటీసు కింద సంతకం పెట్టిన ఆథరైజ్డ్ ఆఫీసరుకు రాయాలి. 4 కుటుంబాలూ ఒకే లెటరు మీద సంతకం పెడితే మంచిది. ఇలా రాయండి:

"మేము ఫలానా ఇంట్లో ఫలానా తేదీ నుంచి లీజు మీద ఉంటున్నాము. తాకట్టు సంగతి ఓనరు దాచాడు. ఇంట్లో 5 నెలల బిడ్డ ఉంది. బ్యాంకు స్వాధీనానికి మేము అడ్డు రాము. మరో ఇల్లు చూసుకోవడానికి 60 రోజులు గడువు ఇవ్వగలరు, ఫలానా తేదీన తాళాలు మీకే అప్పగిస్తాము. ఓనరు మాకు ఇవ్వాల్సిన 12 లక్షల గురించి మా హక్కులు వదులుకోవడం లేదు."

చివరి వాక్యం తప్పనిసరి. అగ్రిమెంటు, ఆర్‌టీజీఎస్ రసీదు, బాబు జనన సర్టిఫికెట్ జిరాక్సులు జతచేయండి. రెండు కాపీలు పట్టుకెళ్ళి ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఈ లెటరుకు బ్యాంకులు విలువ ఇవ్వడానికి కారణం ఉంది: మనుషులున్న ఇల్లు వేలంలో సరైన ధర పలకదు. గొడవ లేకుండా ఖాళీ అయితే వాళ్ళకూ మేలే. ఒప్పుకుంటే ఆ మాట ఈమెయిల్లోనైనా రాయించుకోండి. ఒప్పుకోకపోతే 45 రోజులు దాటకముందే డి.ఆర్.టి. అర్జీ వేయాలి, అదీ గడువు అడగడానికే. ఇల్లు నిలుస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు.

హెణ్ణూరు_వకాల్తా:

డబ్బు గురించి నేను రాస్తాను. బ్యాంకు మీ 12 లక్షలు ఇవ్వదు. కానీ 13(7) సెక్షను చూడండి. వేలంలో వచ్చిన సొమ్ములో ఖర్చులు, బాకీ పోగా మిగిలింది హక్కున్నవాళ్ళకు చెందాలి. 4 కుటుంబాలున్న బిల్డింగు 61 లక్షల కంటే చాలా ఎక్కువే పలకవచ్చు. వేలం నోటీసులో రిజర్వు ధర (కనీస ధర) వేస్తారు, దాన్నిబట్టి అంచనా దొరుకుతుంది. అమ్మకానికి ముందు ఓనరుకు 30 రోజుల నోటీసు ఇస్తారు, పేపర్లోనూ వేస్తారు. ఆ మిగులు ఓనరు ఖాతాకు చేరకముందే పట్టుకోవాలి. అందుకు సివిల్ కోర్టులో ఓనరు మీద డబ్బు వసూలు దావా, దానితోపాటు తీర్పుకు ముందే జప్తు కోరుతూ సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 38 రూల్ 5 కింద అర్జీ వేయాలి. 34వ సెక్షను అడ్డం దీనికి రాదు, ఇది బ్యాంకు మీద కేసు కాదు కదా. ఆర్డరు వస్తే దాని కాపీ ఆథరైజ్డ్ ఆఫీసరుకు అందించాలి. వేలం అయ్యాక మేలుకుంటే మిగిలేది ఓనరు వెంట తిరగడమే.

దావాలో తగిలే చిక్కు స్టాంపు. తక్కువ స్టాంపు మీద రాసిన అగ్రిమెంటును సాక్ష్యంగా తీసుకోవాలంటే తక్కువపడ్డ డ్యూటీ, దాని మీద 10 రెట్ల పెనాల్టీ కట్టమంటారు. అందుకే ఆర్‌టీజీఎస్ రికార్డును ముందుంచాలి. చేతికిచ్చిన 2 లక్షలకు రసీదు లేకపోతే వాట్సాప్ మెసేజీలు, ఆ రోజు ఖాతాలోంచి తీసిన ఎంట్రీ, బ్రోకరు సాక్ష్యం, ఏది దొరికితే అది ఇప్పుడే పోగుచేయండి. ఫోను మారిస్తే మెసేజీలు పోతాయి, ముందే బ్యాకప్ తీయండి.

వకీలు ఫీజు గురించి భయపడకండి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. ఎస్సీ, ఎస్టీలకూ అంతే. అగ్రిమెంటులో మీ ఆవిడ పేరు ఉంటే ఆమె చేతనే అర్జీ పెట్టించండి. కోర్టు ఫీజు కూడా అందులోకే వస్తుంది, ట్రిబ్యునల్ కేసులకూ వర్తిస్తుంది. సిద్దయ్య రోడ్డులో న్యాయ దేగుల బిల్డింగులో రాష్ట్ర లీగల్ సర్వీసెస్ అథారిటీ ఆఫీసు ఉంది, అక్కడికి వెళ్ళండి, లేదా 15100కి ఫోను చేయండి. తెలుగు, కన్నడం ఏదైనా పర్వాలేదు.

పోలీసు ఫిర్యాదు బి.ఎన్.ఎస్. (భారతీయ న్యాయ సంహిత) 318(4) కింద, మోసం. "డబ్బు తిరిగివ్వలేదు" అని మొదలుపెడితే సివిల్ తగాదా అని పంపేస్తారు. 6వ షరతుతో మొదలుపెట్టండి: తాకట్టు 2022 మార్చి, నోటీసు 2025 జూన్, తాకట్టులో లేదన్న సంతకాలు 2024 నవంబరు, 2025 అక్టోబరు. ఈసీ, నోటీసు ఫోటో జతచేయండి. స్టేషన్లో తీసుకోకపోతే అదే ఫిర్యాదు డీసీపీకి పోస్టులో పంపాలి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి. నలుగురూ నాలుగు ఫిర్యాదులు ఇస్తే మోసం చేసే ఉద్దేశం మొదటినుంచీ ఉందని చూపడం తేలిక.

హూడి_అక్క:

ఉండే చోటు గురించి. తమ్ముడూ, ప్రభుత్వ ఇల్లు ఈ రెండు నెలల్లో వచ్చేది కాదు, దాని మీద ఆధారపడకు. రాజీవ్ గాంధీ హౌసింగ్ కార్పొరేషన్ బెంగళూరు ఫ్లాట్లకు అర్జీ పెట్టొచ్చు, కానీ అవి అద్దెకిచ్చే ఇళ్ళు కావు. మీ వాటా కట్టి, లోను తీసుకుని కొనుక్కోవాలి. ఆదాయ సర్టిఫికెట్, నివాస సర్టిఫికెట్ నాడకచేరిలో (ఇక్కడి రెవెన్యూ ఆఫీసు) తీసుకుని పెట్టుకో. పీఎంఏవై 2.0లో (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) ఏడాదికి 3 లక్షల్లోపు ఆదాయం ఒక వర్గం, 6 లక్షల్లోపు ఇంకో వర్గం, మీ 27 వేలు రెండోదాంట్లో పడుతుంది. మనవాళ్ళు ఎక్కువగా తప్పిపోయేది ఇక్కడే: ఊళ్ళో భార్య పేరు మీద పక్కా ఇల్లు ఉన్నా, గత 20 ఏళ్ళలో ప్రభుత్వ పథకంలో ఇల్లు వచ్చినా అర్హత పోతుంది, ఆధార్‌తో బయటపడుతుంది. కోటాలో ఇప్పిస్తానని డబ్బు అడిగేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకు.

కార్పొరేషన్ పరిధిలో నిరాశ్రయుల వసతి గృహాలున్నాయి. 2025 సెప్టెంబరు నుంచి పాత బెంగళూరు కార్పొరేషన్ బి.బి.ఎం.పి. లేదు, అయిదు కార్పొరేషన్లయ్యాయి. మీ వార్డు దేనిలోకి వచ్చిందో కనుక్కుని అక్కడి సంక్షేమ విభాగంలో అడుగు. మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ వేరుగా నడిచేవే ఎక్కువ, కాబట్టి వెళ్ళకముందే "కుటుంబం మొత్తం ఉండొచ్చా" అని అడగాలి. ఒక రాత్రి గండం గట్టెక్కడానికి అది ఉందని తెలిసి ఉండటం మంచిది. నెలల తరబడి పసిబిడ్డతో ఉండే చోటు కాదు.

60 రోజులు దొరికితే హొరమావు, కల్కెరె, టి.సి.పాళ్య వైపు సింగిల్ బెడ్‌రూమ్ చూడు. బ్రోకరు లేకుండా సందుల్లో నడుస్తూ టు-లెట్ బోర్డులకు ఫోను చేస్తే కమీషను మిగులుతుంది. ఓనరు అడ్వాన్సు పది నెలలంటే రెండు మూడు నెలలకు బేరమాడు, బ్యాంకు నోటీసు కాపీ చూపించు, దాచేదేమీ లేదు. నెల అద్దెకే తీసుకో, అడ్వాన్సు ఇచ్చే ముందు ఈసీ తీయి.

ఇల్లు మారినా పిల్లలకు ఏదీ ఆగకూడదు. తాయి కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు), టీకాల కార్డు, ఆధార్లు ఒకే సంచిలో పెట్టి ఆ సంచి మీ ఆవిడ దగ్గరే ఉంచాలి. బాబు టీకాలు ఏ ఆరోగ్య కేంద్రంలోనైనా వేస్తారు. పాపను కొత్త చోటి అంగన్‌వాడీలో రాయించండి. చిత్తూరు రేషన్ కార్డు జాతీయ ఆహార భద్రత చట్టం కిందిదైతే ఆధార్ వేలిముద్రతో ఇక్కడి రేషన్ షాపులో బియ్యం ఇస్తారు.

చిత్తూరు_టు_బెంగళూరు:

చాలా థ్యాంక్స్ అక్కా, అన్నలూ. లెటరు రేపు ఇస్తాం. ఇవాళ బ్రోకరు ఫోను చేశాడు. ఇంకో పార్టీని లీజుకు తెస్తాడట, వాళ్ళిచ్చే డబ్బు మాకిచ్చి మమ్మల్ని ఖాళీ చేయిస్తాడట. పై అంతస్తువాళ్ళు సరేనంటున్నారు. ఇది చేయొచ్చా?

హెణ్ణూరు_వకాల్తా:

చేయకండి, పై అంతస్తువాళ్ళకూ ఈ జవాబు చూపించండి. గోడ మీది నోటీసు మీరు చూశారు, ఫోటో కూడా తీశారు. అది తెలిసి కొత్తవాళ్ళకు తాళం ఇస్తే మోసంలో మీరూ భాగస్వాములవుతారు. ఇప్పుడు ఫిర్యాదుదారులుగా ఉన్నవాళ్ళు రేపు ముద్దాయిలవుతారు. వచ్చేవాళ్ళకూ చంటిపిల్లలు ఉండొచ్చు. బ్రోకరు ఫోను కాల్ తేదీ, సమయం రాసిపెట్టుకోండి, ఫిర్యాదులో అదీ చేరాలి.

సివిల్_కాగితాలు:

తాళాలు ఇచ్చే రోజు గురించి ఒకటి మర్చిపోయాను. ఓనరుకు గానీ బ్రోకరుకు గానీ ఇవ్వకండి, బ్యాంకుకే ఇచ్చి "ఫలానా తేదీన ఫలానావారి నుంచి తాళాలు ముట్టినవి" అని రాయించుకోండి. కమిషనరు వస్తే పంచనామాలో మీ పేరు రాయించి కాపీ అడగండి. ఆ కాగితం లేకపోతే "నాకు తాళం ఇవ్వకుండా వెళ్ళిపోయారు, అందుకే డబ్బు ఇవ్వలేదు" అని ఓనరు కోర్టులో అంటాడు. కరెంటు మీటరు రీడింగు ఫోటో కూడా ఆ రోజే తీసుకోండి.