కొత్త పార్లమెంటు సింహాల నోరు: సారనాథ్‌కు తగ్గట్టుందా, లేదా?

కంచుపోత: కొత్త పార్లమెంటు మీద 2022 జులై 11న ఆవిష్కరించిన జాతీయ చిహ్నం సింహాలకు కోపమెక్కువైందని మళ్ళీ మొదలుపెట్టారు. దీనికి మూలమైన సారనాథ్ అశోక స్తంభం సింహాలది నునుపు తేలిన ఇసుకరాయి, లేత రంగు. నోట్లో నీడ మెత్తగా పడుతుంది. ముదురు కంచులో అంతే లోతు తీసినా నోరు నల్లగా కనిపిస్తుంది. పైగా అది 6.5 మీటర్ల బొమ్మ. కింద నిలబడి దగ్గర్నుంచి ఫొటో తీస్తే దవడ ముందుకొచ్చి కళ్ళు వెనక్కిపోతాయి.

గీతకారుడు: నీడ సరే. కోరల్ని కూడా నీడే పెంచిందా?

కంచుపోత: సారనాథ్‌లోనూ నోళ్ళు తెరిచే ఉన్నాయి. పోతలో మొద్దుబారిన అంచుల్ని ఉలితో మళ్ళీ తేలుస్తారు. అక్కడ చెయ్యి కాస్త ఎక్కువ పడితే ముఖం మారుతుంది.

గీతకారుడు: మారిందన్నట్టేగా!

నారాయణగూడ చాయ్: ఈ సింహాల మీద వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు అప్పుడే కొట్టేసింది. ఖతం.

గీతకారుడు: జాతీయ చిహ్నం వాడకంపై ఉన్న 2005 చట్టాన్ని ఉల్లంఘించలేదంది. బొమ్మ బాగా కుదిరిందని కోర్టు ఎక్కడ చెప్పింది?

కంచుపోత: 1950 జనవరి 26న జాతీయ చిహ్నంగా తీసుకున్న గుర్తు మాత్రం సారనాథ్‌కు అచ్చమైన నకలా? అడుగున గంట ఆకారపు కమలం తీసేశారు. సారనాథ్ పీఠం మీద ఏనుగుతో సహా నాలుగు జంతువులుంటే గుర్తులో కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రమే కనిపిస్తాయి. సింహాల తలలపైన ఉండాల్సిన పెద్ద చక్రం ఊసే లేదు.

నారాయణగూడ చాయ్: ఏనుగు లేదా! నోటు తీసి చూసిన, నిజమే.

గీతకారుడు: ఎదురుగా నిలబడి గీస్తే వెనక ఉన్నది కనపడదు. దానికీ ముఖకవళిక మార్చడానికీ పోలికేంటి? మీ పోతపనివాళ్ళకు బొమ్మంటే తూకమే.

కంచుపోత: తూకం లేకపోతే నిలబడదు సారూ. 9500 కిలోల కంచుకు దాదాపు 6500 కిలోల ఉక్కు చట్రం ఆనించారు. కాగితం మీద గీసేవాళ్ళకు ఆ బాధ లేదు.

గీతకారుడు: బాధ ఉంది, చెప్తా వినండి. 2024లో మన రాష్ట్ర చిహ్నంలోంచి చార్మినార్, కాకతీయ తోరణం తీసేస్తారనగానే గొడవైంది, ఆవిష్కరణ ఆగింది. ఢిల్లీ సింహాల్ని మనం చూసేసరికే పోత అయిపోయింది. మట్టి నమూనా దశలో ఎందుకు చూపించలేదు? మట్టినైతే వేలితో దిద్దొచ్చు. కంచును కోసి అతకాలి.

కంచుపోత: చూపిస్తే ఎవరి మాట వినాలి? కోరలు తగ్గించమన్నవాళ్ళదా, పెంచమన్నవాళ్ళదా?

గీతకారుడు: ఆ తగువు తర్వాత. ముందు చూపించమనండి.