అప్‌డేట్: మా ఆయన నైట్ షిఫ్ట్, పగటి నిద్ర, షుగర్

మా ఆయన మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్ దగ్గర బొగ్గు గనిలో నైట్ షిఫ్ట్ చేస్తారు, పగలు నిద్ర పట్టట్లేదు, షుగర్ పెరుగుతోంది, ఏం చేయాలని అడిగాను కదా. ఓపిగ్గా రాసిన అందరికీ చాలా థాంక్స్.

డాక్టరు గారు వివరంగా చెప్పారు. మెదడులోని గడియారం ముఖ్యంగా కంట్లో పడే వెలుగును బట్టి సర్దుకుంటుంది. పొద్దున ఎండ తగిలితే నిద్రకు తోడ్పడే మెలటోనిన్ తగ్గిపోతుంది. పైగా రాత్రిళ్లు ఇన్సులిన్ అంత బాగా పనిచేయదు, అదే అన్నం అర్ధరాత్రి తింటే షుగర్ ఎక్కువ పెరుగుతుంది. అందుకే ఇప్పుడు డ్యూటీకి ముందే భోజనం. బస్సులో వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు. కిటికీకి పాత దుప్పటి కట్టాను, చంద్రపూర్ ఎండలు తెలుసుగా, కూలర్ కూడా పెట్టాం. మధ్యాహ్నం దాకా కదలకుండా పడుకుంటున్నారు.

షుగర్ కాస్త దిగింది, మందులు మాత్రం ఆపలేదు. వారం వారం షిఫ్ట్ మార్చడమే నాకు బాధ, ఒళ్లు అలవాటు పడేలోపే మళ్లీ మారుస్తారు. దాని మీద అర్జీ పెట్టారు, జవాబు రావాలి.