పరాయి దేశంలో ఊచకోత జరుగుతుంటే సైన్యం పోవాల్నా, వద్దా?

వనపర్తి వకీల్

సెప్టెంబర్ 17 వచ్చిందంటే విమోచనమా, విలీనమా, విద్రోహమా అని ప్రతి ఏడూ కొట్లాడుకుంటాం. ఈసారి దాని పక్కన ఇంకో ప్రశ్న పెడుతున్నా. ఒక దేశంలో పాలకుడే తన జనాన్ని చంపిస్తుంటే బయటి దేశం ఫౌజుతో లోపలికి పోవచ్చా?

ముందు చట్టం సంగతి. ఐక్యరాజ్యసమితి చార్టర్ 2(4) ప్రకారం ఇంకో దేశం మీద బలప్రయోగం నిషిద్ధం. మినహాయింపులు రెండే: 51వ అధికరణం కింద ఆత్మరక్షణ, 7వ అధ్యాయం కింద భద్రతా మండలి అనుమతి. 1999లో సెర్బియా ఏలుబడిలోని కొసావోలో అల్బేనియన్ల మీద దాడులు ఆపడానికని నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) ఈ రెండూ లేకుండానే 78 రోజులు బాంబులు వేసింది. ఆ రభస తర్వాత 2005 ప్రపంచ శిఖరాగ్ర సభలో ‘రక్షించే బాధ్యత’ అనే మాటకు దేశాలన్నీ ఒప్పుకున్నాయి. అయితే అది జాతిహననం, యుద్ధ నేరాలు, జాతి ప్రక్షాళన, మానవాళిపై నేరాలు, ఈ నాలుగింటికే. అదీ మండలి ద్వారానే, ఏ కేసుకు ఆ కేసు విడిగా చూసి. కొత్త హక్కేమీ పుట్టలేదు.

నా మాట: మండలి అనుమతి లేకుండా పోవద్దు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌లోకి దిగుతూ చెప్పింది కూడా తూర్పు ఉక్రెయిన్‌లోని దోన్‌బాస్‌లో జాతిహననం ఆపడానికనే. ఆ తలుపు తీస్తే ఎవరెవరు దూరుతరో చూసుకోండి.

సూర్యాపేట శీను

వకీల్ సాబ్, మీరు అనుమతి కోసం కూసుంటే ఈడ ఎన్ని పీనుగులు లేస్తయో గది సుత లెక్క చెప్పుండ్రి.

నిజాం 1948 ఆగస్టు 21న భారత్ మీద మండలికి ఫిర్యాదు పంపిండు. మండలి పారిస్‌ల కూసున్నది సెప్టెంబర్ 16న. 13న కదిలిన మన ఫౌజు అప్పటికే బెజవాడ దిక్కుకెల్లి కోదాడ, మునగాల దాటి సూర్యాపేటల ఉన్నది. 17న నిజాం లొంగిండు, 22న ఫిర్యాదు వాపస్ తీసుకున్నడు. మండలి తేల్చేదాక ఆగితే రజాకార్లు ఊళ్లల్ల ఇంకెన్ని దినాలు తిరుగుదురు?

1971 తీసుకోండ్రి. మార్చి 25 రాత్రి ఢాకాల పాకిస్తాన్ ఫౌజు ఊచకోత మొదలుపెట్టింది. కోటి మంది మనకాడికి ఉరికొచ్చిండ్రు. డిసెంబర్ 7న సమితి సర్వప్రతినిధి సభల 104 దేశాలు యుద్ధం ఆపుమని ఓటేసినయ్, వద్దన్నయి 11. ఆ 104 మాట విన్నమంటే బంగ్లాదేశ్ లేదు. 1978 డిసెంబర్ల వియత్నాం కంబోడియాల దిగి, జనవరి 7 కల్లా ఆడి ఖ్మేర్ రూజ్ పాలకుడు పోల్ పాట్‌ను నోమ్ పెన్ నుంచి ఎళ్లగొట్టింది. లక్షల మందిని సంపిన ఆ ఖ్మేర్ రూజ్ వాళ్లకే సమితిల కుర్చీ కొన్నేండ్లు అట్లనే ఉంచిండ్రు. గిదీ మీ చట్టం!

వనపర్తి వకీల్

శీనూ, రెండు విషయాలు. హైదరాబాద్‌ను ఢిల్లీ ఏనాడూ పరాయి దేశంగా ఒప్పుకోలేదు, దాన్ని ఈ ఖాతాలో వేస్తే నిజాం వాదన నువ్వు చేసినట్టే అవుతది. 1971లో డిసెంబర్ 3న మన విమానాశ్రయాల మీద బాంబులేసింది పాకిస్తాన్, కాబట్టి 51వ అధికరణం వర్తిస్తది. కంబోడియా కుర్చీ మాత్రం సిగ్గుచేటే, దానికి నేను వకాల్తా పుచ్చుకోను.

గద్వాల ఫౌజీ

చట్టం మీరిద్దరు చూసుకోండి. నేను లెక్క మాట్లాడుతా. ‘పోవాల్నా’ అనే ముందు ‘ఎంతమంది, ఎన్నేళ్లు, ఏ హుకుంతో’ అని అడగాలె.

యుద్ధం గెలవడం వేరు, ఇంటింటినీ కాపాడటం వేరు. రెండోదానికి సైనిక విశ్లేషకులు వాడే మోటు లెక్క వెయ్యి మంది జనానికి 20 మంది సిపాయిలు. ఉమ్మడి నల్లగొండ జిల్లానే తీసుకోండి. 2011 జనాభా లెక్కల్లో దాదాపు 35 లక్షలు. అంటే 70 వేల మంది ఫౌజు, ఒక్క జిల్లాకు! ఒక బ్యాచ్ డ్యూటీలో, ఒక బ్యాచ్ తయారీలో, ఒక బ్యాచ్ వాపస్ వచ్చి విశ్రాంతిలో ఉంటది కాబట్టి అసలు ఖర్చు 2 లక్షల మందిది. కొసావోలో జనం 20 లక్షలు, నాటో దించింది 50 వేలకు దగ్గర దగ్గర. లెక్క ప్రకారం ఆ నిష్పత్తి సరిపోయింది. 2004 మార్చి అల్లర్ల నాటికి బలగం 20 వేల లోపుకు పడింది, 19 మంది చచ్చిండ్రు.

తక్కువతో పోతే ఏమైతదో బోస్నియాలోని స్రెబ్రెనీత్సా పట్టణం చూడండి. బోస్నియాలో ‘సురక్షిత ప్రాంతాలు’ ప్రకటించినప్పుడు సైనికాధికారులు అడిగింది 34 వేల మందిని. మండలి ఇచ్చింది 7,600. ఆ పట్టణానికి చివరికి మిగిలింది 400 మంది చిల్లర డచ్ సిపాయిలు. సెలవు మీద పోయినోళ్లను, పట్టణాన్ని చుట్టుముట్టిన సెర్బులు తిరిగి రానియ్యలేదు, డీజిల్ ఆపేసిండ్రు, దాంతో గస్తీ కాలినడకన. విమానాలు కావాలంటే సమితి, నాటో రెండూ ఒప్పుకోవాలె. ఇది రెండు తాళాల పద్ధతి. 1995 జులై 11న విమానాలొచ్చి రెండు బాంబులేసినయ్. బందీలుగా ఉన్న డచ్ వాళ్లను చంపుతామని సెర్బులు బెదిరిస్తే అంతటితో ఆగిపోయినయ్. తర్వాత కొద్ది రోజుల్లో 8 వేల మంది ముస్లిం మగవాళ్లను, పిల్లగాండ్లను చంపిండ్రు. ‘సురక్షితం’ అన్న మాట నమ్మి జనం అక్కడ చేరిండ్రు, అది మర్చిపోవద్దు.

ఇంకోటి. అప్పుడు బోస్నియా ఆకాశం మీద విమాన నిషేధం అమల్లోనే ఉంది. నిషేధం విమానాలను ఆపుతది, తుపాకులతో, బస్సులతో వచ్చేటోళ్లను కాదు. అదీ చౌక బేరం కాదు: గగనంలో ఎప్పుడూ రెండు విమానాలు ఉండాలంటే రెండు దారిలో, రెండు కింద ఇంధనం పట్టుకుంటూ, రెండు రిపేరులో ఉంటయ్. గాల్లో ఇంధనం నింపే ట్యాంకర్, రాడార్ విమానం వేరే. వీటన్నిటికంటే ముందు అవతలి రాడార్లు, క్షిపణులు కొట్టాలె. అంటే ‘నిషేధం మాత్రమే’ అన్న మొదటి రోజే యుద్ధం మొదలైనట్టు.

ఎత్తు సంగతి కూడా. కొసావోలో పైలట్లు దెబ్బ తగలకుండా 15 వేల అడుగుల పైనుంచి వేసిండ్రు. ఆ ఎత్తు నుంచి ట్రాక్టర్‌కూ ఫౌజీ బండికీ తేడా తెలుస్తదా? ఏప్రిల్ 14న జకోవా దగ్గర శరణార్థుల బారు మీద పడి 70 మంది దాకా పోయిండ్రు. బాంబులు మొదలైనంక సెర్బులు ఇంకా రెచ్చిపోయి 8 లక్షలకు పైగా జనాన్ని దేశం దాటించిండ్రు.

దేవరకొండ టీచరమ్మ

ఫౌజీ గారి లెక్కను 1948కి పెట్టి చూడండి. హైదరాబాద్ సంస్థానంలో జనం 1941 గణన ప్రకారం కోటీ 63 లక్షలు. వచ్చిన సైన్యం దాదాపు 35 వేలు. వెయ్యికి ఇద్దరు! నిజాం సైన్యాన్ని ఓడించడానికి అది చాలింది. సూర్యాపేట దగ్గర మూసీ వంతెన పేల్చి వెనక్కి పోయారు కానీ దాన్ని కాచుకుని కాల్చేవాళ్లను పెట్టలేదు, మనవాళ్లు వెంటనే బాగుచేసుకుని సాగిపోయారు. అటువంటి ప్రత్యర్థి.

కానీ ఊళ్లు? రజాకార్లు పారిపోయిన ఊళ్లలో ఆ మర్నాడు ఎవరున్నారు? నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసి, చాలా తగ్గించి వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. వాళ్లు ముస్లింలు, ఎక్కువగా పశ్చిమ జిల్లాల వాళ్లు: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. కొన్నిచోట్ల సైనికులూ పాలుపంచుకున్నారని కూడా అందులో ఉంది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. శీను చెప్పిన రజాకార్ల దౌర్జన్యమూ నిజం, ఇదీ నిజం. మొదటి ఊచకోత ఆపిన చోటే రెండోది జరిగింది, గెలిచినవాళ్ల ఖాతాలో.

కొసావోలోనూ అంతే. నాటో దిగిన వేసవిలోనే సెర్బులు, రోమాలు కలిపి 2 లక్షల దాకా ఊళ్లు విడిచారు. అందుకే నేను అడిగేది ఒక్కటే: ‘పాలన పడిపోయిన తెల్లారి ఠాణాలో ఎవరు కూర్చుంటారు?’ 1971లో దానికి జవాబు ఉంది. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్ 169 స్థానాల్లో 167 గెలిచిన పార్టీ, 1971 ఏప్రిల్‌లోనే ప్రమాణం చేసిన ప్రవాస ప్రభుత్వం సిద్ధంగా ఉన్నాయి. మన సైన్యం 1972 మార్చిలో వచ్చేయగలిగింది. 2011లో గద్దాఫీ పాలన కూలిన లిబియాకు జవాబు లేదు.

సూర్యాపేట శీను

టీచరమ్మా, నల్లగొండోళ్లం గది మర్వలే. రజాకార్ల కోసమొచ్చిన ఫౌజు వాపస్ పోలే. తుపాకి తిప్పి దున్నేటోడి మీద పెట్టింది. సాయుధ పోరాటం 1951 అక్టోబర్ల ఆపేదాక. పదిహేను నెలలు మిలిటరీ గవర్నర్ జె.ఎన్. చౌదరి రాజ్యమే. ఒప్పుకుంట.

అయితే 1994ల హుటూ తీవ్రవాదులు టుట్సీలను ఊచకోత కోసిన రువాండాకు ఏం చెప్తరు? ఆడ ఎవ్వలు పోలే. నూరు దినాలల్ల 8 లక్షల మంది.

గద్వాల ఫౌజీ

తమ్మీ, పోకపోవడం కాదు, ఉన్నోళ్లను తీసేసిండ్రు. అది ఇంకా ఘోరం. జనరల్ దలేర్ కింద 2,500 మంది సమితి సిపాయిలు ఉన్నరు. 1994 జనవరి 11ననే ఆయుధాల నిల్వల గురించి న్యూయార్క్‌కు ఫ్యాక్స్ పంపిండు, సోదా చెయ్యొద్దని జవాబొచ్చింది. ఏప్రిల్ 7న పది మంది బెల్జియం సిపాయిలను చంపిండ్రు, ఆ దేశం తన బలగం మొత్తం లేపుకపోయింది. ఏప్రిల్ 21న మండలి మిగిలినోళ్లను 270కి తగ్గించింది. నడుమ ఫ్రాన్స్, బెల్జియం పారా దళాలు దిగినయి, తమ పౌరుల్ని ఎక్కించుకుని పోయినయి.

ఒకే నగరం, రాజధాని కిగాలీలో రెండు చోట్లు చూడండి. ఒక సాంకేతిక పాఠశాలలో బెల్జియం వాళ్ల అండన 2 వేల మంది తలదాచుకున్నరు. ఏప్రిల్ 11న సిపాయిలు బండ్లెక్కి పోయిండ్రు, అదే రోజు వాళ్లలో దాదాపు అందరినీ నరికిండ్రు. అమహోరో స్టేడియంలో సమితి వాళ్లు కదలకుండా ఉన్నరు, వేలమంది బతికిండ్రు.

మే 17న మండలి 5,500 మందికి ఒప్పుకుంది. అమెరికా ఇయ్యాల్సిన 50 కవచ వాహనాలకు కిరాయి ఎవరియ్యాలె, ఏ షరతులకియ్యాలె అని కాగితాలు తిరిగినయి. అవి వచ్చేసరికి చంపుడు అయిపోయింది. టుట్సీలను చంపుమని ఎగదోసే విద్వేష రేడియోను గాల్లోంచి అడ్డుకోవాలంటే పెంటగాన్ గంటకు 8,500 డాలర్ల ఖర్చని, పనికి రాదని చెప్పింది.

వనపర్తి వకీల్

నా వాదన ఇక్కడ బలపడుతుందే తప్ప తగ్గదు. రువాండాలో అడ్డం పడింది చట్టం కాదు, పోవడానికి మనసు లేకపోవడం. వీటో ఎవరూ వాడలేదు. మండలి అనుమతి ఇస్తే ఏమవుతుందో లిబియాలో చూశాం: 2011 మార్చి 17న 1973వ తీర్మానం పదికి సున్నాతో గెలిచింది, భారత్‌తో సహా ఐదు దేశాలు ఓటు వేయలేదు. అనుమతి పౌరుల రక్షణకు. నాటో దాడి కాస్తా ప్రభుత్వాన్ని కూల్చేదాకా సాగింది. అక్టోబర్ 20న గద్దాఫీ చచ్చాడు, ఆయుధాలు సహారా దాటి మాలీకి చేరాయి. ఆ తర్వాత సిరియా మీద వచ్చిన కొన్ని తీర్మానాలను రష్యా, చైనా ‘లిబియా’ పేరు చెప్పి వీటో చేశాయి. ఆ అతి తెలివికి మూల్యం చెల్లించింది సిరియా జనం.

కల్వకుర్తి

శ్రీలంకలోని జాఫ్నా గురించి ఒక్కరూ రాయలేదేం? 1987 జులైలో శాంతి కాపాడేందుకని పోయాం, అక్టోబర్‌కల్లా ఎల్టీటీఈతో యుద్ధంలో ఉన్నాం. 1990 మార్చిలో వచ్చేసరికి దాదాపు 1,200 మంది జవాన్లు పోయారు. మధ్యలో హుకుం మారింది, బలగం తర్వాత పెంచారు కానీ దానికి ముందు తయారీ లేదు.

సూర్యాపేట శీను

ఫౌజీ అన్నా, సీదా అడుగుత. 70 వేల మంది ఎవ్వలియ్యరు. రెండు వేలే ఉన్నరనుకో. ఏం జెయ్యాలె?

గద్వాల ఫౌజీ

దేశాన్ని కాపాడుతామని ప్రకటించొద్దు. విమానాశ్రయం, ఒక ఆసుపత్రి, ఒకట్రెండు స్టేడియాలు పట్టుకోవాలె. వాటి మీదికొస్తే కాల్చొచ్చని రాతపూర్వకంగా ముందే ఉండాలె, ఫోన్ చేసి అడిగే పద్ధతి వద్దు. డీజిల్ సొంత నిల్వ, అవతలోడి చెక్‌పోస్టు దాటి వచ్చేది కాదు. నీళ్ల లెక్క ఎవరూ వెయ్యరు: ఒక స్టేడియంలో 10 వేల మంది ఉంటే తాగేందుకే మనిషికి 3 లీటర్లు, రోజుకు 30 వేలు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు. వంట, కడుగుడు కలిపి 15 లీటర్లు వేసుకుంటే ముప్పై ట్రిప్పులు. పాలమూరులో ఎండాకాలం ట్యాంకర్ తిప్పినోళ్లకు తెలుసు అది ఎంత పనో. బోరు లేని స్టేడియం ఎంచుకుంటే మూడో రోజుకు జనమే గేటు దాటి బయటికి పోతరు.

జనాన్ని ఒక చోట చేర్చినంక మాత్రం, పై నుంచి ఏ హుకుం వచ్చినా వాళ్లను ఎక్కించుకోకుండా ట్రక్కు కదలొద్దు.

వనపర్తి వకీల్

ఆ చివరి వాక్యం ఏ సైనికాధికారి నిబంధనల పుస్తకంలో ఉందో చూపిస్తే మిగతాది ఒప్పుకుంటా.