బీమా కంపెనీ 3 లక్షలకు రాజీ అంటోంది, లాయరు సంతకం పెట్టమంటున్నారు

యర్రగుంట్ల ఇల్లాలు:
మా ఆయనకు 38 ఏళ్లు. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పని. నిరుడు ప్రొద్దుటూరు రోడ్డులో లారీ ఢీకొని కుడి మోచేయి నుజ్జయింది. ప్లేటు వేశారు గానీ చేయి మడవలేరు, ముద్ద నోటికి అందాలంటే తలే కిందికి వంచాలి. బండను ఇద్దరు చెరో వైపు పట్టి ఎత్తే పని అది, ఒంటి చేతివాణ్ణి ఎవరు పిలుస్తారు? మెడికల్ బోర్డు మాత్రం 25 శాతం వైకల్యమని రాసింది. పింఛనుకు కావలసిన 40 కూడా లేదు.

కడప కోర్టులో కేసు నడుస్తోంది. లాయరు గారు చెడ్డవారని అనను. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు అన్నీ ఆయనే తెప్పించారు, ఇంతవరకు రూపాయి అడగలేదు. వచ్చినదాంట్లో 30 శాతం ఇవ్వాలన్నారు, సరే అన్నాం. ఇప్పుడు లోక్ అదాలత్‌లో 3 లక్షలకు ఒప్పుకోమంటున్నారు. ఆ లెక్క ఎలా వచ్చిందని అడిగితే "నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నారు. ఇంటి ఖర్చులు, చీటీలు అన్నీ చూసుకునేది నేనే. ఈ ఒక్క లెక్కే నాకు అర్థం కాదా? సంతకం పెట్టాక చాలలేదనిపిస్తే అప్పీలు ఉంటుందా?

కోర్టులో పనిచేసి రిటైరయినవాణ్ణి, కడప:
ఉండదమ్మా. లోక్ అదాలత్ అవార్డుతో కేసు ముగిసినట్టే. అందుకే సంతకానికి ముందే లెక్క చూసుకోండి. జీతం నెలకు 12 వేలనుకుందాం. ఏడాదికి 1,44,000. 36 నుంచి 40 ఏళ్ల మధ్యవారికి దాన్ని 15తో హెచ్చిస్తారు, 21,60,000. అందులో 25 శాతమంటే 5,40,000. 40 ఏళ్లలోపు వారికి ఆదాయం మీద మరో 40 శాతం కలపమని సుప్రీంకోర్టు చెప్పింది, అది నేను కలపలేదు. ఆసుపత్రి బిల్లులు, నొప్పికి ఇచ్చేది, వడ్డీ వేరే.

ఇంకో మాట. బోర్డు రాసిన 25 ఒంటికి సంబంధించినది. సంపాదన ఎంత పోయిందన్నది వేరే ప్రశ్న. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే విడమరిచి చెప్పింది. బండలెత్తే మనిషికి మోచేయి పోతే నష్టం 25 దగ్గర ఆగదు. అయితే ఆ మాట డాక్టరు బోనెక్కి చెప్పాలి. డాక్టరును పిలిపించారా?

అనంతపురం న్యాయవాది:
వచ్చినదాంట్లో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. అలాగని ఆయన మీద విరుచుకుపడకండి. ముందు ఫీజు ఇచ్చుకోలేని కక్షిదారుల కేసులు చాలాచోట్ల ఇలాగే నడుస్తున్నాయి, దాచిపెట్టి లాభం లేదు. కానీ డాక్టరు సాక్ష్యం లేకుండా రాజీకి తొందరపెడుతుంటే ఆలోచించాల్సిందే. 3 లక్షల్లో ఆయన వాటా పోగా మీకు మిగిలేది 2,10,000. లాయరును మార్చుకునే హక్కు మీకుంది. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపుకోకూడదని 2000లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. ఆదాయం తక్కువైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కు ఫోను చేయండి.

యర్రగుంట్ల ఇల్లాలు:
డాక్టరును పిలవలేదన్నా. జీతం వారం వారం చేతికిచ్చేవారు, రసీదు లేదు. యజమాని కోర్టుకు రానంటున్నాడు. మా దగ్గరున్నది మా ఆయన బాకీలు రాసుకున్న చిన్న నోట్‌బుక్, అందులో శనివారం కూలీ కూడా ఉంటుంది.

కోర్టులో పనిచేసి రిటైరయినవాణ్ణి, కడప:
దాన్ని పారేయకండి. ప్రమాదానికి ముందు రాసిన పుటలు ముఖ్యం, ఇప్పుడు కొత్తగా ఒక్క అక్షరం కూడా చేర్చకండి. యజమాని రానంటే కోర్టు ద్వారా సమన్లు పంపించవచ్చు. లేదా మీవారితో అవతలి వైపు బండ పట్టిన మనిషి వచ్చి చెప్పినా సాక్ష్యమే. కూలి ఎంతో అతనికి తెలియకుండా ఉంటుందా?

యర్రగుంట్ల ఇల్లాలు:
ఆయన మా వీధిలోనే ఉంటారు. సాయంత్రం వెళ్లి అడుగుతాను. లాయరు గారికి మాత్రం డాక్టరు సాక్ష్యం అయ్యేదాకా సంతకం లేదని ఇప్పుడే చెప్పేస్తున్నాను.